నాయనమ్మ ఎవరికేసింది?

నా చిన్నప్పుడు ఖిలా వరంగల్‌లో మా గల్లీ ఓట్లన్నీ మా బాపు జేబులోనే ఉన్నాయనేవారు. బాపు ఒక పార్టీ మనిషి. ఏ ఇంట్లో ఎన్ని ఓట్లున్నాయో నోట్‌బుక్కులో రాసుకుని, అన్నిటికీ తానే టిక్కు పెట్టుకునేవాడు. వాళ్లను అడిగేది మాత్రం లేదు!

మా నాయనమ్మ సంగతే నాకు అంతుపట్టేది కాదు. ఏ పార్టీ ఆయన వచ్చినా బొట్టు పెట్టి, హారతిచ్చి, "నీకే బిడ్డా, ఇంకెవలికేస్త" అనేది. పొద్దున ఒకాయనకు, మధ్యాహ్నం ఆయన మీద పోటీకి నిలబడ్డాయనకు. నాకు భలే సిగ్గనిపించేది. అబద్ధాలాడొద్దని నన్ను మొట్టేది కూడా ఆమే మరి.

ఒక ఏడాది అసెంబ్లీ ఎన్నికల్లో గాలి మారింది, బాపు పార్టీ ఓడిపోయింది. మా గల్లీ పోలింగ్ బూత్‌లో కూడా బాపు లెక్క కంటే నాలుగు ఓట్లు తక్కువొచ్చాయి. పక్కింటి అక్క వాళ్లింట్లో ఉన్నవి సరిగ్గా నాలుగే. ఇంకేం, వాళ్లే ముంచారన్నాడు. మా చేదబావి దగ్గరికి రావద్దన్నాడు. నాకు ఎక్కాలు నేర్పిన అక్క ఖాళీ బిందె చంకన పెట్టుకుని వెనక్కి పోతుంటే నాకు ఏడుపు ఆగలేదు.

బియ్యం చెరుగుతున్న నాయనమ్మ తలెత్తకుండానే, "ఆ నాలుగిట్ల ఒకటి నాది రా కొడుకా" అంది.

బాపు నోరు తెరిచాడు. "నిజంగనా అమ్మా?"

"నిజమో అబద్ధమో ఆ ఓట్ల డబ్బానడుగు. మిగిలిన మూడు ఎవలియో ఇల్లిల్లు తిరిగి ఎతుక్కో. అందాక ఆ పిల్లను నీళ్లు తోడుకోనియ్యి."

బాపు నోట్‌బుక్కు ముందుకీ వెనక్కీ తిప్పాడు. ఒకటి నాయనమ్మదైతే అక్క వాళ్లవి నాలుగూ ఎట్లా అవుతాయి? మరి మూడు ఎవరివి? వంటింట్లోంచి మా అమ్మ ఎంతకీ బయటికి రాలేదు. చివరికి బాపే పోయి అక్కను పిలుచుకొచ్చి, బిందె నింపి ఇచ్చాడు.

నాయనమ్మ నిజంగానే అటు వేసిందా, అక్క కోసం అబద్ధమాడిందా? ఎన్నిసార్లడిగినా "నీకే బిడ్డా" అని నవ్వేది. ఇన్నేళ్లయినా నాకు తేలలేదు.

మొన్న ఎన్నికలప్పుడు మా మనవడు ఫోన్‌లో ఎవరికో, మా ఇంటి ఓట్లన్నీ పక్కా అని చెప్తున్నాడు. "నువ్వు చెప్పినోనికే బిడ్డా" అన్నాను. వెనకాల మా కోడలు కిసుక్కున నవ్వింది.

ఎందుకు నవ్విందో నేనడగలేదు. అడగను.