బానెట్ మీద మూడు దెబ్బలు

ఒక అమెరికా కార్ల కంపెనీ పెద్ద అధికారి తన ఆత్మకథలో నేను చనిపోయానని రాశాడు. నేను చనిపోలేదు.

పుస్తకంలో నా పేరు లేదు. "సూర్యాపేట అనే ఊళ్ళో ఒక ముసలి మెకానిక్" అని మాత్రమే ఉంది. ఆయన నన్ను చూసిన నాటికి నాకు యాభై కూడా నిండలేదు కాబట్టి అదీ తప్పే. దాన్ని వదిలేస్తాను. ముసలివాడనడం వేరు, పోయాడనడం వేరు.

నేను బడికి పోయింది నాలుగో తరగతి దాకానే. ఇంగ్లిష్ నేర్చుకున్నది బండ్లతో పాటు వచ్చే మాన్యువళ్ళు చదివి, అట్ట ఊడిపోయిన ఒక నిఘంటువు పక్కన పెట్టుకొని. అందుకే నా ఇంగ్లిష్‌లో నట్లు, బోల్టులు ఎక్కువ, మర్యాదలు తక్కువ. పని నేర్చుకున్నది మిర్యాలగూడలో, ఒక రైస్ మిల్లులో డీజిల్ ఇంజన్లు చూసే ఉస్తాద్ దగ్గర. ఆయనకు ఒక పద్ధతి ఉండేది. ఏ ఇంజనైనా సరే, విప్పే ముందు వేలి కణుపుతో దాని మీద కొట్టేవాడు. ముందు ఒకటి. కాస్త ఆగి రెండు. ఆ తర్వాతే పొడుగాటి స్క్రూ డ్రైవర్ మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకొని వినేవాడు.

"ఎందుకు కొడుతున్నవ్ ఉస్తాద్?" అని ఒకసారి అడిగాను.

"ఇంజన్ గూడ ఒక ఇల్లే బేటా. తలుపు కొట్టకుండ ఎవరింట్లకన్న పోతవా?"

నేను మొండివాణ్ణి. ఆయన మీద గౌరవం ఉన్నా, ఆయన నకలు అనిపించుకోవడం ఇష్టం లేక తిరగేసి కొట్టడం మొదలుపెట్టాను. ముందు రెండు. ఆగి ఒకటి. సూర్యాపేటలో సొంత షెడ్డు పెట్టాక కూడా అదే అలవాటు. ఉస్తాద్ పోయేముందు ఆ స్క్రూ డ్రైవర్ నా చేతిలో పెట్టాడు. "దెబ్బలు తిరగేస్తవని నాకెరికేలే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

ఆయన పోయిన ఆరేళ్ళకు అమెరికా అధికారి వచ్చాడు. మే నెల, మిట్ట మధ్యాహ్నం. హైదరాబాదు నుంచి విజయవాడ దిక్కు పోతున్న కొత్త కారు, ముందూ వెనకా కంపెనీ గుర్తులకు నల్ల టేపు చుట్టి ఉంది. మన ఎండకు ఆ కారు తట్టుకుంటుందో లేదో చూడటానికి ఆయన స్వయంగా వచ్చాడట. ఏదో శబ్దం వస్తోందని నా షెడ్డు ముందు ఆపారు. వెంట హైదరాబాదు ఇంజనీరు ఒకాయన, ఒళ్ళో కంప్యూటర్.

"కంప్యూటర్‌లో అన్నీ ఓకే చూపిస్తున్నాయి, ఊరికే ఒకసారి చూడు" అన్నాడు ఆయన, నేను చూసినా చూడకపోయినా ఒకటే అన్నట్టు.

తెల్లాయన అద్దాలు మూసుకొని ఏసీలో లోపలే కూర్చున్నాడు. నేను బానెట్ మీద కొట్టాను, ఎత్తాను, విన్నాను. "వాటర్ పంపు బేరింగ్ పోతున్నది. కోదాడ దాటదు" అన్నాను. ఇంజనీరు నవ్వి బండెక్కాడు. రెండు గంటలకు అదే కారు ఒక ట్రాక్టరు వెనకాల తాడుకు వేలాడుతూ తిరిగొచ్చింది. కోదాడ ఇంకా ఎనిమిది కిలోమీటర్లు ఉండగానే ఆగిపోయిందట.

హైదరాబాదు నుంచి పంపు వచ్చేదాకా ఆ అధికారి నా షెడ్డులో బల్ల మీద కూర్చున్నాడు. టై విప్పి జేబులో పెట్టుకున్నాడు. ఎట్లా తెలిసింది అని అడిగించాడు. "అడిగితే చెప్పుద్ది. ముందు తలుపు కొట్టాలె" అన్నాను. ఇంజనీరు దాన్ని ఎట్లా తర్జుమా చేశాడో గాని, ఆయన లేచి ఆ కారు చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. పోయేటప్పుడు నా రెండు చేతులూ పట్టుకున్నాడు. నూనె చేతులు అని వెనక్కు తీసుకోబోతే వదల్లేదు.

కొన్నేళ్ళ తర్వాత మళ్ళీ వచ్చాడు. నా దురదృష్టం, అది ఆయుధపూజ నాడు. ప్రతి ఏడూ ఆ పూట నేను ఉస్తాద్ స్క్రూ డ్రైవర్ తీసుకొని మిర్యాలగూడ మిల్లుకు పోతాను. అక్కడి పనిముట్ల మధ్య పెట్టి పసుపు కుంకుమ అద్ది, ఆయన ఇంట్లో ఇంత తిని వస్తాను. ఇక్కడ షెడ్డులో పూజ మా పెయింటర్ చేస్తాడు. నా వయసువాడే, చెయ్యి ఊరుకోని మనిషి. జాకీకి, వెల్డింగ్ మిషన్‌కు, గాలి పంపుకు బంతిపూల దండలు వేశాడు. ఒక దండ మిగిలింది. మెకానిక్‌ల సంఘం వాళ్ళు సన్మానం చేసినప్పుడు ఇచ్చిన నా ఫోటో గోడకు ఉంది. దానికి వేశాడు. బొట్టు కూడా పెట్టాడు.

సాయంత్రం నేను తిరిగొచ్చి నిలదీస్తే వాడి జవాబు ఇది: "అన్నిటికి ఏస్తిని, నీ ఫోటో ఒక్కటే బోడిగ ఉంటే బాగనిపియ్యలే ఉస్తాద్. అయినా నువ్వు గూడ పనిముట్టే గద."

"బతికున్నోడి ఫోటోకు దండేస్తరారా?"

"ఏమైతది? గిప్పుడు సచ్చినవా? అన్నట్టు ఎవలో తెల్లోడు వచ్చిండు. చెప్పులిడిసి నీ ఫోటోకు తల వంచి దండం పెట్టిండు. ఎంబడొచ్చిన హైదరాబాదోడు ఫోటో గూడ తీసిండు. కొబ్బరి ముక్క ఇస్తే కండ్లకద్దుకున్నడు."

నాకు కోపమంతా చల్లారిపోయింది. అంత పెద్ద మనిషి నాకు దండం పెట్టాడా అని మురిసిపోయాను. చాయ్ బండి దగ్గర ఈ ముచ్చట ఎన్ని వందల సార్లు చెప్పి ఉంటానో. నేను మురిసిన ఆ ఏళ్ళన్నిట్లో అక్కడ అమెరికాలో నేను శవాన్ని.

పోయిన ఏడు కోదాడ నుంచి ఒక రిటైరైన ఇంగ్లిష్ మాస్టారు తన కారు బాగు చేయించుకోవడానికి వచ్చి, ఒక లావు పుస్తకం నా చేతికిచ్చారు. "మా అబ్బాయి పంపించాడండీ. ఇందులో ఉన్నది మీరేనేమో చూడండి." నడుమ ఫోటోల పేజీ. గోడ మీద నా ఫోటో, దండ, బొట్టు. దాని ముందు తల వంచుకొని నిలబడ్డ ఆయన. నా ఫోటో ముందు ఎవరో సంతాపం పాటిస్తుంటే నేను ఇవతల నిలబడి చూశాను.

నిఘంటువు పెట్టుకొని మూడు నెలలు చదివాను. ఆ అధికారి ఆరు నెలలు మంచు కురిసే ఊళ్ళో పుట్టాడు. తండ్రి కార్ల ఫ్యాక్టరీలో తలుపులు బిగించే కూలీ. ఈయన స్పేర్ పార్టుల గోదాములో డబ్బాల మీద నంబర్లు రాసే పనిలో చేరి, ఉద్యోగం చేస్తూ చదువుకొని, బ్రేకుల విభాగానికి, అక్కడి నుంచి ఆసియా దేశాలకు, చివరికి కంపెనీలో రెండో కుర్చీకి చేరాడు. చదువుతుంటే వద్దన్నా ఆ మనిషి మీద గౌరవం పెరిగింది. నా కోపానికి అదే అసలు కారణం. అబద్ధాలకోరు రాసి ఉంటే నవ్వి ఊరుకునేవాణ్ణి.

ఇక అసలు సంగతి. ఒక కొత్త కారు అమ్మకానికి విడుదల చేసే ముందు ఆయన దాంట్లో ఒంటరిగా, అద్దాలు మూసుకొని కూర్చున్నాడట. బయట మైదానంలో మనిషన్నవాడు లేడు. బానెట్ మీద మూడు దెబ్బలు వినపడ్డాయట. "చనిపోయిన నా మిత్రుడు, ఆ మెకానిక్, తలుపు కొట్టాడు" అని రాశాడు. విడుదల ఆపించాడు. విప్పి చూస్తే బ్రేకు గొట్టంలో సన్నని పగులు. అప్పటి నుంచి ప్రతి కొత్త కారులోనూ ముందు ఆయన కూర్చునేవాడు. దెబ్బలు వినపడితే ఆ కారు గేటు దాటదు. మొదట నవ్వినవాళ్ళు తర్వాత నవ్వడం మానేశారట. ఆయన పైకొచ్చింది ఆ పేరు మీదే.

అంటే నేను బతికుండగానే నా దయ్యం అమెరికాలో ఉద్యోగం చేస్తోంది.

ఊళ్ళో నోరు జారాను. చాయ్ బండివాడు ఊరుకుంటాడా. "ఏం దయ్యం, చక్కెర ఏసుడేనా?" అనేవాడు రోజూ. నేనూ నవ్వేవాణ్ణి. కానీ ఒక పొద్దున రేషన్ దుకాణంలో నా వేలిముద్ర పడలేదు. యాభై ఏళ్ళు స్పానర్లు పట్టిన వేళ్ళు, గీతలు అరిగిపోయాయి, కారణం నాకు తెలుసు. డీలర్ పదో వేలు కూడా పెట్టించి, తల అడ్డంగా ఊపాడు. "తాతా, మిషన్‌కు నువ్వు ఉన్నట్టే కనిపిస్తలేవు. రేపు రా జర." ఆ రోజు ఇంటికి వచ్చే దారంతా ఎదురొచ్చిన వాళ్ళను నేనే ముందు పలకరించాను. బదులు పలికిన వాళ్ళను లెక్కపెట్టుకున్నాను.

ఇంకో మధ్యాహ్నం, షెడ్డులో ఎవరూ లేనప్పుడు, మళ్ళీ రిపేరుకు వచ్చిన మాస్టారి కారులో అద్దాలు మూసుకొని కూర్చున్నాను, ఆయన కూర్చున్నట్టే. ఏమీ వినపడలేదు. దిగేటప్పుడు మాత్రం, ఎవరికో దారి ఇస్తున్నవాడిలా పక్కకు ఒదిగి దిగాను. ఎందుకలా దిగానో నాకు తెలియదు.

ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాను. పుస్తకం వేసినవాళ్ళకు రాస్తే జవాబు లేదు. కార్ల కంపెనీకి రాస్తే, మా కార్ల మీద మీకున్న ఆసక్తికి ధన్యవాదాలు అని అచ్చు కాగితం వచ్చింది. చివరికి మాస్టారు ఎక్కడో వెతికి ఆ అధికారి ఇంటి చిరునామానే సంపాదించారు. ఆ రోజు దినపత్రిక ఛాతీ మీద పట్టుకొని ఫోటో దిగి జత చేశాను.

"ఎవరో ఎత్తుకెళ్ళిన మనిషిలా ఉన్నారండీ ఇందులో" అన్నారు మాస్టారు.

"ఎత్తుకపోయిండ్రు సార్. మీరు అన్నది నిజమే."

ఉత్తరంలో మొహమాటపడలేదు. నాకు కావలసింది ఒక్కటే, ఆ వాక్యం కొట్టేయాలి అని రాశాను. నీ కారు మీద నేను కొట్టింది ముందు రెండు, ఆగి ఒకటి, నా జీవితంలో ఏ బండి మీదైనా అంతే, నీ మైదానంలో కొట్టేవాడు ఎవడైనా కావచ్చు గాని నేను మాత్రం కాదు, నేను సూర్యాపేటలో ఉన్నాను, అని రాశాను. ఉస్తాద్ గురించి ఒక్క ముక్క రాయలేదు. ఆయన ప్రసక్తి ఎందుకు అనుకున్నాను.

నాలుగు నెలలకు జవాబు వచ్చింది. వణికే చేతిరాత. నాకు చేతనైన తెలుగులో ఉన్నదున్నట్టు ఇక్కడ పెడుతున్నాను.

"అయ్యా, మీ ఉత్తరం, ఫోటో అందాయి. మీరు బతికే ఉన్నారు. పుస్తకం మళ్ళీ అచ్చు వేస్తే ఆ వాక్యం, దండ ఉన్న ఫోటో తీసేయమని చెప్పాను. నన్ను క్షమించండి. ఇప్పుడు నన్ను కారు నడపనివ్వరు. అయినా రోజూ కాసేపు గ్యారేజీలో నా పాత కారులో కూర్చుంటాను. ముందు రెండు, ఆగి ఒకటి అని మీరు రాసిన వాక్యం చాలాసార్లు చదివాను. ఆ మధ్యాహ్నం మీ షెడ్డు ముందు, అద్దాలు మూసిన కారులో కూర్చొని నేను విన్నది అది కాదు. ముందు ఒకటి. కాస్త ఆగి రెండు. ఇన్నేళ్ళూ విన్నది అదే. నిన్న కూడా విన్నాను. అది మీరు కాకపోతే ఎవరో, మీకు తెలిస్తే, దయచేసి నాకు రాయండి."