నేను గీకిన అంబాసిడర్

ఇంతవరకు నా మాట ఎవరూ చెవిన పెట్టలేదు, అందుకే రాస్తున్నాను. మా నాన్న నడిపిన పాత అంబాసిడర్‌కు రంగు వేయిద్దామనుకున్నాను. నిజామాబాద్‌లో చెప్పిన ఖర్చు నా వల్ల కాలేదు. బాన్సువాడలో హార్వెస్టర్లకు రంగులు వేసే పెయింటర్ ఒక దారి చూపాడు.

"పాత రంగంత నువ్వే గీకి తీస్కరా అన్నా. కూలి మిగుల్తది. నేను స్ప్రే కొట్టిస్త" అన్నాడు.

నమ్మాను. బానెట్‌ను, నాలుగు తలుపులను ఇనుము కనిపించేదాకా ఉప్పుకాగితంతో రుద్దాను. వేళ్లు పగిలాయి. తీరా బండి తీసుకుపోతే, వరికోతలు దగ్గర పడ్డాయని హార్వెస్టర్లనే లోపలికి పిలిచాడు. వాటి ఓనర్లకు చాయ్ తెప్పించాడు, నాకు తప్ప. అది నేను మరచిపోను.

"ఏందన్నా గింత తొందర? ఎల్లుండి సూద్దాం తీయ్" అని పంపించాడు.

అసలు సంగతి హార్వెస్టర్ ఉన్న మా బావకు చెప్పాడు. "వేరేటోళ్లు గీకినదాని మీద నేను కొట్ట పటేలా. రేపు రంగు పొంగితే నన్నే తిడ్తరు" అన్నాడట.

మరి గీకమన్నది ఎవరు? మొన్న చెడగొట్టు వాన పడింది. బోసి రేకు మీద తుప్పు పాకుతోంది. ఇంకోచోట వేయించుకో అంటాడు బావ. వేయించను. పెయింటరూ, రేపు పొద్దున బండిని నీ షెడ్డు గేటుకు అడ్డంగా పెడతాను. రంగు వేస్తావా, వేయవా? బావకు కాదు, నాకు చెప్పు.