దొరకలేదు అని రాసిన ఆదివారం

ఆ రోజుల్లో ఓడిపోవడమంటే ఏమిటో నాకు తెలియదు. అంటే ఎప్పుడూ గెలిచానని కాదు, ఓడిపోయినా ఒప్పుకునేదాన్ని కాదని. పులివెందుల పక్కన చీనీ తోటల మధ్య పెరిగినదాన్ని. మేక తప్పిపోతే మా అన్నలు పొద్దుగూకేసరికి ఉత్త చేతులతో ఇల్లు చేరేవాళ్లు, నేను మేకతోనే చేరేదాన్ని. (ఒకసారి మాది కాని మేకతో చేరాను. ఆ సంగతి ఇప్పుడెందుకు.) జమ్మలమడుగు దగ్గర గండికోటకు కోడలిగా వచ్చిన రోజు మా నాయన మా అత్తతో చెప్పిన మాట ఒక్కటే, పిల్ల మంచిదే గానీ పట్టు పడితే ఉడుము అని. మా అత్త నవ్వి, మా ఇంట్లో ముందే ఒకటి ఉందిలే అంది. ఆ ఉడుము ఎవరో తెలియడానికి నాకు మూడు రోజులు కూడా పట్టలేదు.

రాష్ట్రం రెండయ్యాక ఒకటి రెండేళ్లకు కోట చూడటానికి వచ్చే జనం ఎక్కువయ్యారు. అప్పటికి మా ఆయన ఉన్నాడు, ట్రాక్టరు తోలుకునేవాడు. నాకు ఇరవై నాలుగేళ్లు ఉంటాయేమో. పాత ధాన్యాగారం గోడ నీడన తోపుడు బండి పెట్టుకుని మజ్జిగ, ఉడకబెట్టిన శనక్కాయలు అమ్ముతానన్నాను. మా అత్త నాలుగు రోజులు ఆలోచించి ఒప్పుకుంది, కానీ ఒక షరతు పెట్టింది. "అమ్ముకో, వద్దనను. నీ పేరు మాత్రం ఊళ్లో నలుగురి నోట్లో నానగూడదు. నానిన రోజు ఆ బండి కొట్టంలో పడుతుంది, నువ్వు వంటింట్లో పడతావు." మా అత్త మాటంటే మాటే. ఆ బండి నాకు ప్రాణం. మజ్జిగ అమ్మడం ఒక ఎత్తు, పొద్దుటి నుంచి మాపటి దాకా ఎక్కడెక్కడి మనుషుల మాటలు వినడం ఇంకో ఎత్తు. అందుకని తల వంచుకుని, నోరు అదుపులో పెట్టుకుని (నాకు చేతనైనంత వరకు) ఏడాది గడిపాను.

అట్లాంటి రోజుల్లో ఒక చలికాలం ఆదివారం ప్రొద్దుటూరు నుంచి స్కూటీ మీద ఒకామె వచ్చింది. యాభై దాటిన మనిషి, బట్టల అంగడి వాళ్ల ఆడపడుచు, లెక్కల టీచరు. చక్కటి అంచు చీర, కాళ్లకు గుడ్డ బూట్లు, తల మీద మగపిల్లలు పెట్టుకునే టోపీ. చేతిలో ఫోను పట్టుకుని, నడిచి, ఆగి, మళ్లీ నడిచి, లోయ వైపు ఉన్న ఎర్ర బండల దగ్గరికి పోయి రాళ్ల సందుల్లోకి వంగి చూడటం మొదలుపెట్టింది. నేను చూస్తూనే ఉన్నాను. సరిగ్గా గంటకు చేతి గడియారం చూసుకుంది, చీర దులుపుకుంది, నా దగ్గరికి వచ్చి మజ్జిగ అడిగింది. ఏం పోగొట్టుకున్నావక్కా అని అడిగితే, నేను కాదు, ఎవరో దాచిపెట్టారు, నేను వెతుకుతున్నా అంది.

అదొక ఆటట. ఎవరో ఒక చిన్న డబ్బీ తీసుకుపోయి ఎక్కడో దాచి, ఆ చోటు గుర్తు ఫోనులో పెడతారు. దాన్ని పట్టుకుని ఎవరైనా వచ్చి వెతకవచ్చు. దొరికితే డబ్బీలో ఉన్న కాగితం మీద పేరు రాసి, మళ్లీ ఉన్నచోటే పెట్టి పోవాలి. దేశాలన్నిట్లో ఆడతారట. మరి దొరికితే ఏమిస్తారు అన్నాను. ఏమీ ఇవ్వరు అంది. డబ్బీ అయినా ఇస్తారా అన్నాను. అదీ ఇవ్వరు అంది. నేను శనక్కాయల గిన్నె కిందపెట్టి ఆమెను ఒకసారి పైనుంచి కింద దాకా చూశాను. ఆమె మాత్రం ఫోను తీసి, నాకు వినపడేలా చదువుతూ రాసింది: "గంట సేపు వెతికాను. దొరకలేదు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఓడిపోయి ఇంటికి పోతూ, ఆ సంగతి దేశాలన్నిటికీ తెలిసేలా రాసుకునే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఇంకో గంట చూడగూడదా అంటే ఆమె గ్లాసు కింద పెట్టి ఒక మాట అంది. "మొదటి గంట డబ్బీని వెతుకుతామమ్మా. ఆ తర్వాత వెతికేది మన పౌరుషాన్ని. అది యాడికీ పోదు, మనకాడనే ఉంటుంది." ఇప్పుడైతే ఆ మాటకు చేతులెత్తి మొక్కుతాను. అప్పుడు మాత్రం, పాపం ముసలామె, మోకాళ్లు పట్టేసి ఉంటాయి అనుకున్నాను. ఈ కోటలో నాకు తెలియని రాయి లేదు, వారం తిరిగేలోపు పట్టుకుంటాను, నీ నంబరు ఇచ్చి పో అన్నాను. ఇచ్చింది. నా నంబరూ రాసుకుని, కనపడితే కదిలించొద్దని మాత్రం రెండుసార్లు చెప్పింది.

ఆ వారం నేను మజ్జిగ అమ్మానంటే అబద్ధం. అమ్మకపోతే పోయె, సోమవారం పొయ్యి మీద గిన్నె మరిచిపోయి శనక్కాయలు మాడ్చాను. మంగళవారం బేరాలు వచ్చి, కేకేసి, ఎవరూ పలకక వాళ్లంతట వాళ్లే పోసుకుని తాగి పోయారు. ఎర్ర బండల సందుల్లో నాకు దొరికినవి చెప్తాను: ఒంటి చెప్పు, విరిగిన దువ్వెన, గాజు ముక్కలు, పాము కుబుసం, ఎవరో పెండ్లి పత్రిక, ఒక తేలు. తేలుకు నేను దొరకలేదు, అది నా అదృష్టం. బుధవారం మా అత్త వచ్చి, బండి దగ్గర కోడలు లేదు, బండల్లో తల దూర్చి ఉంది అని చూసి, ఏమిటిది అని నిలదీసింది. సంగతి చెప్పాను. ఏమీ ఇవ్వని డబ్బీ కోసమా అని తిట్టాల్సినంతా తిట్టింది. తిట్టి పోతూ పోతూ ఆగి, "ఆ సందులో చూసినావా?" అంది. చూశానన్నాను. "దాని కింద?" చూశానన్నాను. "నీ కండ్లు కండ్లు కాదులే" అని కొంగు దోపుకుని తనే వంగింది. ఆ తర్వాత రోజూ, మజ్జిగ చిలికి తెస్తున్నాననే నెపంతో పూటకొకసారి వచ్చేది. వచ్చిన ప్రతిసారీ మజ్జిగ ఒక్క చెంబే తెచ్చేది.

శనివారం సాయంత్రం ప్రొద్దుటూరక్క ఫోను చేసింది. ఏమ్మా, కనపడిందా అని అడిగింది. వారం రోజులు రాళ్లు మోసిన చేతులు, మాడిన శనక్కాయలు, పక్కనే చెవి పెట్టి నిలబడిన మా అత్త. ఏం చెప్పమంటారు. "కనపడిందక్కా" అనేశాను. ఆమె పడిన సంబరం ఇప్పటికీ నా చెవిలో ఉంది. నీ పేరు చెప్పకుండా, కోటలో మజ్జిగమ్మ పట్టుకుందని ఫోనులో రాస్తానంది. రాయక్కా అన్నాను. ఫోను పెట్టేశాక మా అత్త నన్ను చూసి ఏమీ అనలేదు. మా అత్త ఏమీ అనకపోవడం నేను పెండ్లయ్యాక అదే మొదటిసారి చూడటం.

తెల్లారి ఆదివారం పొద్దున్నే పులివెందుల నుంచి ఒక ముసలి జంట కారులో దిగారు. ఆయన బ్యాంకులో పని చేసి రిటైరైన మనిషి, మోకాలికి పట్టీ. ఆమె చేతిలో పులిహోర డబ్బా. ఇద్దరూ నేరుగా నా దగ్గరికి వచ్చి, మజ్జిగమ్మ అంటే మీరేనా అని దండం పెట్టినంత పని చేశారు. కిందటి ఏడు వాళ్లిద్దరూ వచ్చి, దొరకక, వదిలేసి పోయారట. నీకు దొరికిందని రాత్రి చదివి, ఉన్నట్టే కదా అని మళ్లీ వచ్చామమ్మా అన్నారు. ఎక్కడో కొంచెం చెప్పగూడదా అని ఆమె అడిగింది. చెప్పగూడదు, ఆట నియమం అన్నాను. (నియమం నాకు అప్పుడు భలే గుర్తుకొచ్చింది.)

గంట గడిచింది, రెండు గడిచాయి. ఆమె బండ మీద కూర్చుని, ఇంక చాలు పదండి అంటూనే ఉంది. ఆయన వినడం లేదు. వారంలోపల దొరికిన వస్తువు ఎక్కడికి పోతుంది అంటాడు. పై సందులన్నీ అయిపోయి, లోయ అంచున ఉన్న బండ మీదికి ఒక కాలు దించాడు. కింద పెన్న. ఆయన చేయి పట్టు కోసం వెతుకుతోంది. దొరకలేదయ్యా, అబద్ధం చెప్పాను, పైకి రా అని అరవాలి. అరిస్తే పది మంది వింటారు, నా పేరు ఊళ్లో పడుతుంది, బండి కొట్టంలో పడుతుంది. నోరు తెరిచాను, మూశాను. ఎండలో నిలబడి మజ్జిగ కవ్వం తిప్పుతూనే ఉన్నాను, కుండలో మజ్జిగ లేదు.

అంతలో కోట వాచ్‌మన్ మామ ఊళ్లో నుంచి పదిహేను మందిని వెంటేసుకుని వచ్చాడు. పొద్దున తిరగడానికి పోతే బండ సందులో పసుపు, కుంకుమ, కోసిన నిమ్మకాయ, కొట్టిన టెంకాయ కనిపించాయట. చుట్టూ కదిలించిన రాళ్లట. మా వైపు దానికి ఒకటే అర్థం, గుప్తనిధులు తవ్వేవాళ్లు దిగారని. ఇప్పుడు చూస్తే అదే చోట ఫోను పట్టుకున్న పరాయి మనిషి. ఆయన్ను చేయి పట్టి పైకి లాగారు. అందుకు మాత్రం ఆ మామకు నేను ఈనాటికీ రుణపడి ఉన్నాను. లాగాక, పోలీసులకు చెప్తాం, కారు తాళాలు ఇవ్వండి అన్నారు. పెద్దాయన డబ్బీ అంటాడు, ఆట అంటాడు, దేశాలంటాడు, ఎవరికీ ఎక్కలేదు. చివరికి నా వైపు చేయి చూపించాడు. "ఆ అమ్మను అడగండి. ఆమెకు దొరికింది."

పదిహేను మంది నా వైపు తిరిగారు. పెద్దాయన పట్టీ జారిపోయి మోకాలు చెక్కుకుపోయింది. ఆ మోకాలి కేసి చూస్తూ చెప్పాను. "నాకు దొరకల్యా మామా. వారం దినాలు ఎతికితి. దొరకలేదని చెప్పను నామోసై, దొరికిందంటి. ఈ అయ్య నా మాట నమ్మి వచ్చినాడు."

పెద్దాయన చేయి పట్టుకున్నవాళ్లు వదిలేశారు. వాచ్‌మన్ మామకు మాత్రం పని ఇంకా మిగిలే ఉంది. మరి నిమ్మకాయ ఎవరిది, అది కోసింది కూడా నువ్వేనా అన్నాడు. నేను కాదనేలోపు, గుంపు వెనకనుంచి మా అత్త వచ్చి ముందు నిలబడింది. చేతిలో ఆ పూట మజ్జిగ చెంబు.

"నిమ్మకాయ నాది. టెంకాయ గుడక నాదే. నిన్న మిట్టమద్దేనం కొడితి. కోడలు అన్ని దినాలు ఎతుకుతాంటే చూడలేక, కనపడు తల్లీ అని మొక్కుకుంటి. దానికి పోలీసులు యాల వస్తారప్పా?"

వాచ్‌మన్ మామకు మా అత్త వరసకు అక్క అవుతుంది. చిన్నప్పుడు ఆమె చేతి దెబ్బలు తిన్నవాడు. గొంతు సవరించుకుని, అదేలే అక్కా, తెలీక అన్నాడు. కాసేపు తల గోక్కుని, ఇంతకీ డబ్బీ ఎంత ఉంటుంది అని అడిగాడు. అంతే. పెద్దాయన చూపుడు వేలంత అని చూపించగానే ఒకడు వంగాడు, ఇద్దరు వంగారు, కర్ర పక్కన పెట్టి మామ కూడా వంగాడు. పోలీసులకు పట్టిద్దామని వచ్చినవాళ్లంతా ఎర్ర బండల మీద బోర్లా పడుకుని సందుల్లోకి ఊదడం మొదలుపెట్టారు. బ్యాంకాయన భార్య పులిహోర పంచింది.

నా దగ్గరున్న నంబరుకు పెద్దాయన ఫోను చేస్తే ప్రొద్దుటూరక్క మూడు గంటలకు వచ్చింది. బండల మీద సగం ఊరిని చూసి నవ్వు ఆపుకోలేక టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకుంది. సంగతంతా విన్నాక గడియారం చూసి, ఇప్పటి నుంచి ఒక గంట, అందరం కలిసి, అంచు వైపు ఎవరూ పోగూడదు అంది. సందు సందుకీ ఒక మనిషిని నిలబెట్టింది, క్లాసులో వరసలు పెట్టినట్టు. గంట కాగానే రెండు చేతులతో గట్టిగా చప్పట్లు కొట్టింది. అందరూ లేచారు. మా అత్త కూడా, చేయి సందులో ఉండగానే, తీసి లేచింది. తన పట్టును తనంతట తాను వదలడం నేను చూసింది ఆ ఒక్కసారే.

అక్క నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. పక్కకు పిలిచి, "దొరకలేదని రాస్తే అది దాచినాయప్ప చదివి, ఒకసారి పోయి చూసుకుందామనుకుంటాడు. దొరికిందని రాస్తే ఈ అయ్య మాదిరి నమ్మినోళ్లు వస్తారు. నువ్వు రాసే మాట నీది కాదమ్మా, నీ వెనక వచ్చేవాళ్లది" అంది. తన పుస్తకంలో ఒక కాగితం చించి పెన్ను నా చేతికిచ్చింది. నేను సంతకం తప్ప ఏమీ రాసి ఎరగను. అక్షరాలు కూడబలుక్కుని, బండ మీద పెట్టి, నాలుక బయటపెట్టి రాశాను: మాకు దొరకలేదు. కింద నా సంతకం చేస్తే, మా అత్త వెనక నిలబడి తన పేరు కూడా పెట్టమంది. అక్క దాన్ని ఫోటో తీసి ఫోనులో ఎక్కించింది.

ఇంటికి పోయే దారంతా మా అత్త చెంబు పట్టుకుని ముందు నడిచింది. నేను బండి తోస్తూ, ఇదే ఆఖరి తోపుడు అనుకుంటున్నాను. కొట్టం దగ్గరికి వచ్చాక ఆగి అంది, "పేరైతే పడనే పడింది. నీది ఒక్కదానిదే అయితే బండి లోపల పెడుదుము. నాది గుడక పడె కదా, ఇద్దర్నీ ఏం చేస్తాం. రేపట్నించి నేను గుడక వస్తా, మజ్జిగ నువ్వు శానా పల్చన చేస్తాండావు." ఆ మరుసటి రోజు నుంచి ఆమె పోయేదాకా ఆ బండి మా ఇద్దరిదీ. నెల తిరక్కముందే దాచినాయన వచ్చి చూసుకున్నాడట, డబ్బీ ఎప్పుడో వానలకు కొట్టుకుపోయిందట. ఇంకొకటి ఎక్కడో పెట్టాడని అక్క చెప్పింది. ఎక్కడ అని నేను అడగలేదు. (మా అత్త అడిగింది.)

ఇప్పుడు మా ఆయనా లేడు, మా అత్తా లేదు, బండి మాత్రం అదే గోడ నీడన ఉంది. మొన్న ఒక కొత్త జంట మజ్జిగ తాగుతూ ఫోను చూసి గుసగుసలాడుకుని, ఇది మీదేనా ఆంటీ అని నా ముందు పెట్టారు. ఆ కాగితమే. మూడు వంకర్లు తిరిగిన అక్షరాలు, కింద రెండు పేర్లు, అంచున మా అత్త బొటనవేలి పసుపు మరక. దాని కింద ఎన్నో ఊళ్లవాళ్లు మెచ్చుకుంటూ ఏవేవో రాశారట, ఆ పిల్ల చదివి చెప్పింది. నేను ఆ అక్షరాలనే చూస్తూ ఉండిపోయాను. నాలుక బయటపెట్టి, చెమటలు కక్కుతూ, జీవితంలో మొదటిసారి ఓడిపోయానని రాస్తున్న ఆ ఇరవై అయిదేళ్ల పిల్ల ఎంత బిగించి పట్టుకుందో పెన్నును. వదులు పిల్లా, విరిగిపోతుంది అని చెప్పాలనిపించింది.