వేళ్లకు తెలిసే జాడీలు

2023 వానాకాలం. బాన్సువాడలో కోటగిరి పోయే దారి పక్కన ఒక పాత ధాన్యం గోదామును కిరాయికి తీసుకొని నా స్టూడియో నడుపుతున్నాను. ముందు సగంలో అమ్మకం, వెనక సగంలో పని. వర్షం పడితే రేకుల మీద చప్పుడుకు వచ్చినవాళ్ల మాట వినపడదు. మట్టి కూడా ఆ రోజుల్లో ఓ పట్టాన ఆరదు.

మా నాన్న ఇదే ఊరి అంగట్లో కుండలు, దీపంతలు అనే మట్టి ప్రమిదలు అమ్మేవాడు. నేను చేసేదీ మట్టి పనే కానీ కాస్త వేరు. దీన్ని స్టోన్‌వేర్ అంటారు. కుండల మట్టి కంటే గట్టి రకం మట్టిని కిల్న్‌లో, అంటే కరెంటు బట్టీలో, రెండుసార్లు కాలుస్తాం. మొదటిసారి కాల్చడాన్ని బిస్క్ ఫైరింగ్ అంటాం. అది అయ్యాక మట్టి ఇక నీళ్లలో కరగదు కానీ నీళ్లు పీలుస్తుంది. దాని మీద గ్లేజ్ అనే గాజు పూత పూసి, ఇంకా ఎక్కువ వేడిలో కాలిస్తే రాయిలా గట్టిపడుతుంది. చాయ్ కప్పులు, పళ్లేలు, పూల కుండీలు, గృహప్రవేశాలకూ పెళ్లిళ్లకూ ఇచ్చే గిఫ్టు సెట్లు చేస్తాను. "మట్టి కప్పుకు గింత షోకేంది" అని మొదట్లో నవ్వినవాళ్లే ఇప్పుడు తమ ఇంట్లో ఫంక్షన్ ఉంటే నన్ను వెతుక్కుంటూ వస్తారు. ఆ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. అయినా ఇన్నేళ్ల పనిలో దేన్ని తలుచుకుంటే నీకు ఎక్కువ గర్వం అని అడిగితే, ఒక తండా ఇంట్లో పొయ్యి పక్కన ఉన్న ఐదు జాడీల పేరే చెబుతాను.

ఆ వానాకాలంలోనే ఒక రోజు మధ్యాహ్నం ఒకామె ఆటో దిగి, తడిసిన కొంగు పిండుకుంటూ లోపలికి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. పేరు సునీత. మహమ్మద్ నగర్ అవతల ఒక తండా వాళ్లది. కప్పులు, పళ్లేలు చూడలేదు. నేరుగా ఊరగాయ జాడీల దగ్గరికి పోయి, ఒక మూత ఎత్తి, కళ్లు మూసుకొని, దాని అంచు చుట్టూ వేలు తిప్పింది.

"అక్కా, కండ్లు కానరానోళ్లు పట్టుకుంటె తెలిసేటియి చేస్తవా?" అని అడిగింది.

ఎవరికోసం అని అడిగాను. స్టూలు మీద కూర్చొని చెప్పింది.

సునీత అత్త పేరు సక్రిబాయి. నీటికాసుల జబ్బుతో చూపు మెల్లమెల్లగా పోయింది. దవాఖానకు పోయేసరికి ఆలస్యమైంది. పోయిన చూపు ఇక రాదని డాక్టర్లు చెప్పారు. అయినా సక్రిబాయి వంట మానలేదు. సునీత నాట్లకో, చెరుకు పనికో పోతే ఇంట్లో వంటంతా ఆమెదే. ఒక రోజు పప్పులో ఉప్పు అనుకొని బట్టల సోడా వేసింది. రెండూ తెల్లగానే ఉంటాయి, రెండూ ఒకే రకం ప్లాస్టిక్ డబ్బాలు. మనవరాలు తిని వాంతులు చేసుకుంది. బాన్సువాడ దవాఖానకు ఎత్తుకొచ్చారు. సాయంత్రానికి పిల్ల తేరుకుంది కానీ ఆ రోజు నుంచి సక్రిబాయిని ఆమె కొడుకు పొయ్యి దగ్గరికి రానియ్యలేదు.

"ఇప్పుడు మంచం మీదనె కూసుంటది అక్కా. అన్నం గూడ సరిగ తింటలేదు. ఎవలతోని మాట్లాడదు. మా ఆయన తప్పు గూడ లేదు, భయపడ్డడు. డబ్బాలకు దారాలు కట్టి చూసిన. మూతలు అన్ని ఒక్కతీరుగ ఉంటయి గద, ఒకదాని మూత ఇంకోదానికి పెడ్తె మల్ల అంత గలీజే."

చేస్తానని మాటిచ్చాను. ఆమె పోయాక చాలాసేపు కాగితం మీద బొమ్మలు గీశాను. మూతలు కలిసిపోకూడదంటే ఐదు జాడీలకు ఐదు రకాల మూతి కొలతలుండాలి. అప్పుడు ఒకదాని మూత ఇంకోదానికి పట్టదు. తడుముకునే చేయి తగిలితే పడిపోకూడదంటే అడుగు వెడల్పుగా, బరువుగా ఉండాలి. ఇదంతా నాకు చేతనైన పనే. గుర్తుల కోసం ఒక్కో జాడీ మీద ఒక బొమ్మ ఉబ్బెత్తుగా పెట్టాను. కారానికి మిరపకాయ, పసుపుకు కొమ్ము, చాపత్తికి, అంటే టీ పొడికి, ఆకు, శక్కరికి చెరుకు గడ, ఉప్పుకు అలలు. నీలం, ఆకుపచ్చ గ్లేజులు పూశాను. కిల్న్ తెరిచినప్పుడు మెరిసిపోయాయి. కొనడానికి వచ్చిన గిరాకీలు వాటిని చూసి మాకూ ఇలాంటివే కావాలన్నారు.

వాటిని నేనే స్వయంగా తీసుకొని తండాకు పోయాను. సక్రిబాయి వాకిట్లో మంచం మీద కూర్చొని ఉంది. పెద్ద మనిషి, సన్నటి వేళ్లు. మొదటి జాడీ చేతిలో పెట్టాను. బొమ్మ మీద వేళ్లు పోనిచ్చింది, మళ్లీ పోనిచ్చింది.

"గిదేంది బిడ్డా, గొంగలిపురుగా?"

"మిరపకాయ, అవ్వా."

"అట్లనా," అని రెండోది అందుకుంది. చెరుకు గడను పట్టుకొని వెదురు అంది. ఆకును చేప అనుకుంది. అలల దగ్గర వేళ్లు ఆగిపోయాయి. గ్లేజు కరిగి గీతల్లోకి దిగి సందులన్నీ పూడ్చేసింది. వేలికి నున్నటి జారుడే తప్ప ఏమీ అందలేదు.

సునీత ముఖం చిన్నబోయింది. దర్వాజ దగ్గర ఆమె భర్త మోహన్ నిలబడి ఉన్నాడు. ట్రాక్టర్ నడుపుతాడు. నన్ను నొప్పించొద్దని నెమ్మదిగానే అన్నాడు: "ఇగ ఇడిసిపెట్టు అక్కా. మంచిగనె చేసినవ్. గని మా యాడికి ఇగ పొయ్యి ఒద్దు. నా బిడ్డను ఎత్తుకొని ఉరికిన రోజు నాకు యాదికొస్తది." వాళ్ల భాషలో యాడి అంటే అమ్మ.

సక్రిబాయి జాడీని ఒళ్లో పెట్టుకొని దాని అంచును పట్టుకొనే ఉంది. నేను లేవబోతుంటే అడిగింది, "బిడ్డా, ఇది పచ్చి మట్టిగ ఉన్నప్పుడు మెత్తగ ఉంటదా? పిండి లెక్క?"

"అవును అవ్వా."

"అయితె నేను వస్త. నాకు తెలిసేటి గుర్తు నేను పెట్టుకుంట."

ఆ మాట అంతకుముందు నాకు తట్టలేదు. నేను గీసినవన్నీ కంటికి తెలిసే గుర్తులు. మిరపకాయ ఆకారం చూసినవాళ్లకే మిరపకాయ.

వారం తిరగకముందే అత్తాకోడళ్లు ఆటోలో వచ్చారు. సక్రిబాయి చంకలో ఒక మూట ఉంది. విప్పితే అందులో ఆమె పెళ్లప్పటి ఎర్రటి లంగా, రవిక. అద్దం బిళ్లలు, గవ్వలు, పేనిన దారాలతో నిండిపోయి ఉన్నాయి. అన్నీ తన చేత్తో కుట్టుకున్నవే.

"గివి నా వేళ్లకు ఎరుక," అంది.

నేను వీల్ మీద కొత్త జాడీలు తీసి ఉంచాను. వీల్ అంటే కరెంటుతో తిరిగే సారె. తీసిన జాడీ కొంచెం ఆరి, ఒత్తితే గుర్తు పడేంత మెత్తగా, పట్టుకుంటే వంగిపోనంత గట్టిగా ఉన్నప్పుడే ఇలాంటి పని చేయాలి. జాడీ గోడను బయట నుంచి ఒత్తితే లోపలికి కుంగుతుంది. లోపల చేయి ఆనించి పట్టుకోవాలి. అది నేను చెప్పబోయేలోపే ఆమె ఎడమచేయి జాడీలోకి పోయింది.

"నీకెట్ల తెలిసింది అవ్వా?"

"కుట్టేటప్పుడు గుడ్డ కింద ఒక చెయ్యి ఉంటది గద," అంది ఆమె.

ఉప్పు జాడీ చుట్టూ బట్టల మీది గవ్వలను ఒత్తి తీసి అచ్చులు వేసింది. చెయ్యి ఎక్కువగా పోయేది ఉప్పుకే కాబట్టి అన్నిటికంటే తేలిగ్గా తెలిసేది దానికే కావాలంది. కారానికి గోటితో పొడిచింది, జాడీ చుట్టూ దగ్గర దగ్గరగా, పట్టుకుంటే గరుకుగా గుచ్చుకునేటట్టు. "జాగర్త అని చెప్పాలె గద అది," అంది. శక్కరికి అద్దం బిళ్లలు. చాపత్తికి పేనిన దారం చుట్టి ఒత్తింది. నాలుగూ అయ్యాక పసుపు జాడీ చేతికిచ్చాను. దాన్ని అటూ ఇటూ తిప్పి నాకే ఇచ్చేసింది.

"దీనికి ఏం ఒద్దు. నున్నగనె ఉండనీ. నాలుగింటికి ఉన్నంక, ఏం లేకపోవుడె దానికి గుర్తు."

అన్నేళ్లుగా డిజైన్ అనే మాట వాడుతున్నాను కానీ ఆ మాటకు అర్థం అంత తేలిగ్గా ఎవరూ నాకు చెప్పలేదు. ఆ పూట సక్రిబాయి బాగా మాట్లాడింది. ఏ గవ్వ ఏ సంతలో కొన్నదో, ఏ కుట్టు ఎవరి దగ్గర నేర్చుకుందో చెబుతూనే ఉంది. సునీత పక్కకు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకుంది.

బిస్క్ ఫైరింగ్‌లో ఉప్పు జాడీ పగిలింది. గవ్వలు లోతుగా దిగినచోట గోడ పలచబడి చీలిక వచ్చింది. సునీతకు ఫోన్ చేసి విషయం చెప్పాను. ఆమె ఫోన్ అత్తకు ఇచ్చింది.

"పగిలిందా? అయితె ఇంకోటి చేద్దం," అంది సక్రిబాయి. "కుట్టు తప్పితె దారం ఇప్పి మల్ల కుడ్తం గద. దానికేం ఫికర్."

ఈసారి గోడ మందంగా ఉంచి జాడీ తీశాను. ఆమె మళ్లీ వచ్చింది, గవ్వలు పైపైన ఒత్తింది. గ్లేజు విషయంలోనూ నా పద్ధతి మార్చుకున్నాను. లోపల మాత్రమే పూశాను, కడుక్కోవడానికి వీలుగా. బయట ఏమీ పూయకుండా మట్టినే వదిలేశాను. రంగుల్లేవు, మెరుపు లేదు. కిల్న్ నుంచి తీసినప్పుడు కాల్చిన రొట్టె రంగులో ఉన్నాయి. కళ్లు మూసుకొని ఒక్కోదాన్నీ పట్టుకున్నాను. ఐదింటికి ఐదూ తెలిశాయి.

మళ్లీ తండాకు పోయిన రోజు మోహన్ ఇంట్లోనే ఉన్నాడు. సునీత జాడీలు నింపింది. మోహన్ వాటిని ముందు వరసగా పెట్టి, తర్వాత తన చేత్తో తారుమారు చేశాడు.

"యాడీ, కారం ఇయ్యి."

ఇచ్చింది. శక్కరి అడిగాడు, ఇచ్చింది. పసుపు అడిగాడు, ఇచ్చింది. అప్పుడు చప్పుడు కాకుండా ఉప్పు మూత తీసి చాపత్తి జాడీ మీద పెట్టి, చాపత్తి అడిగాడు. ఆమె జాడీని పట్టుకొని మూత మీద చెయ్యి వేసింది. మూత కదిలింది.

"గిది దీనిది కాదు. ఉప్పు మూత ఎవడు దీనిమీద పెట్టిండు?"

మోహన్ తన అసలు భయం బయటపెట్టాడు. "మరి సోడా ఏది?"

"సోడాకు నా పొయ్యికాడ జాగ లేదు. బయట గోలెం కాడ పెట్టమని నీ పెండ్లానికి చెప్పిన," అంది. గోలెం అంటే వాకిట్లో నీళ్లు నింపుకునే పెద్ద తొట్టి. మోహన్ బయటికి పోయి చూసి వచ్చాడు. అక్కడే ఉంది.

ఆ తర్వాత అతను తల్లి చెయ్యి పట్టుకొని పొయ్యి దగ్గర పీట మీద కూర్చోబెట్టాడు. అగ్గి తనే అంటించి ఇచ్చాడు. సక్రిబాయి పప్పు చేసింది, జొన్న రొట్టెలు కొట్టింది. ప్రతిసారీ ఎడమచేయి జాడీ పొట్ట మీదికి పోయేది, ఒక్క క్షణం ఆగేది, తర్వాత మూత లేచేది. మేమందరం ఆ చేతినే చూశాం. మొదట పళ్లెం ముందు కూర్చున్నది మోహనే. ఒక ముద్ద నోట్లో పెట్టుకొని నమిలాడు. ఆ తర్వాత తన బిడ్డను పిలిచి ఒళ్లో కూర్చోబెట్టుకొని, అదే పళ్లెంలోంచి ఆ పిల్లకు తినిపించాడు.

"ఉప్పు సరిపోయిందా?" అని సక్రిబాయి అడిగింది.

"సరిపోయింది యాడీ. ఇంకింత పప్పు పొయ్యి," అన్నాడు.

నేనూ తిన్నాను. ఉప్పు సరిగ్గా సరిపోయింది.

ఆ జాడీల ఫొటో నా స్టూడియో గోడకు పెట్టాను. దాన్ని చూసి బాన్సువాడలో ఒక టీచరమ్మ, చూపు తగ్గుతున్న తన తల్లికి ఇలాంటివే కావాలంది. ఆ తర్వాత ఇంకెవరో, ఇంకెవరో. సక్రిబాయి గుర్తులు సక్రిబాయివి. ఇంకొకరికి చేసేటప్పుడు వాళ్లనే రమ్మంటాం, వాళ్ల వేళ్లకు తెలిసింది వాళ్లే ఒత్తుతారు. వాళ్ల పక్కన కూర్చొని, జాడీ లోపల చెయ్యి ఎలా పెట్టాలో, ఎంత లోతు ఒత్తితే చాలో చెప్పేది మాత్రం సక్రిబాయే. అలాంటి ఆర్డర్ వచ్చిందని కబురు పెడితే, నాట్లు నడుస్తున్న రోజుల్లో కూడా కోడల్ని వెంటబెట్టుకొని ఆటో ఎక్కి వస్తుంది. వాటి అడుగున నా పేరు గుర్తు పక్కనే ఆమె బొటనవేలి ముద్ర ఉంటుంది. అడుగున ఉన్న ఆ ముద్ర ఎవరిదని అడిగినవాళ్లకు, ఇద్దరం కలిసి చేసిన పని అని చెబుతాను. ఆ మాట చెప్పేటప్పుడు నా గొంతు కాస్త పెద్దదవుతుంది, నాకే తెలుస్తుంది.

అంతకుముందు ఎవరైనా ఆర్డర్ ఇస్తే, ఏ రంగు కావాలి, ఏ సైజు కావాలి అని అడిగేదాన్ని. ఇప్పుడు రంగు మాట తర్వాత. ఇది ఎవరి చేతిలోకి పోతుంది, ఆ చెయ్యి ఏం పని చేస్తుంది అని ముందు అడుగుతాను. వీలైతే ఆ మనిషినే ఒకసారి తీసుకురమ్మంటాను. చాలామంది నవ్వుతారు, గిఫ్టు కదా, ముందే తెలిసిపోతుంది కదా అంటారు. తెలిసిపోయినా ఏం కాదు, వచ్చి మట్టి పట్టుకొని పోనీయండి అంటాను.