హద్దూమ్ మంచాల సంఘం

హద్దూమ్ ఎవరినీ దానం అడిగిన మనిషి కాదు. పక్షవాతంతో రెండేళ్ళు తీసుకుని మొగుడు మీమూన్ పోయాక, అతని కోసం కొన్న ఆసుపత్రి మంచాన్ని ఎదురింటి ముసలాయనకు వాడుకోమని ఇచ్చింది, అంతే. ఆయన పోయాక అది ఇంకో ఇంటికి వెళ్ళింది. ఆ తర్వాత జనమే చక్రాల కుర్చీలూ, చేతికర్రలూ, గాలి పరుపులూ తెచ్చి ఆవిడ గుమ్మంలో పెట్టి వెళ్ళేవారు. పేరు చెప్పేవారు కాదు. చెప్పి ఇస్తే పుణ్యం తగ్గుతుందని అక్కడివాళ్ళ పట్టింపు. పగలంతా ఊరి స్నానశాల హమామ్ ఆవిర్లలో ఆడవాళ్ళ ఒళ్ళు రుద్దే హద్దూమ్, సాయంత్రం ఏ మంచం ఎవరింట్లో ఉందో చూసుకునేది. అట్లాస్ కొండల కింద ఆ చిన్న ఊళ్ళో మంచాన పడ్డవాళ్ళకు పదకొండేళ్ళుగా ఆవిడే దిక్కు.

అంతలో బెల్జియంలో స్థిరపడ్డ ఊరివాళ్ళు కబురు పంపారు. అక్కడొక వృద్ధాశ్రమం మూతపడుతోందట, ఇరవై మంచాలు ఇస్తారట. కానీ రేవులో సరుకు విడిపించుకోవాలంటే చట్టప్రకారం ఏర్పడిన సంఘం ఉండాలి.

పేటలో ఏ ఇంట్లో చీమ చిటుక్కుమన్నా అధికారులకు చేరవేసే మొఖద్దమ్ ల్హూసైన్ ఆ మర్నాడే వాలిపోయాడు.

"లల్లా హద్దూమ్, ఈ ఆఫీసుల గోల నీకెందుకమ్మా? హాజ్ బెన్నాసర్‌గారిని అధ్యక్షుడిగా పెట్టుకో. కాగితం ఇట్టే వచ్చేస్తుంది."

"ఆయనకేం కావాలట?"

"ఏముంది, మంచాల మీద ఆయన పేరు, ఓ ఫోటో. ఎన్నికల్లో నిలబడుతున్నారు కదా."

"మంచం దిగలేనివాడి ఓటు కూడా వదలడన్నమాట!"

"ఆయన లేకపోతే కాగితం రాదు లల్లా. నీ మంచికే చెబుతున్నా."

"రాకపోతే పోనీ. పో, నాకు పనుంది."

హద్దూమ్‌కు ఒళ్ళు మండిపోయింది. ఇచ్చినవాడెవడో తెలియదు కాబట్టే ఇన్నేళ్ళూ తీసుకున్నవాళ్ళెవరూ తల దించుకోలేదు. చావుబతుకుల్లో ఉన్న మనిషి కళ్ళెదుట హాజ్ మొహం అతికించడం కంటే నేలమీద చాప వేయడం నయమనుకుంది.

చిన్నప్పటినుంచీ ఆవిడ చేతే వీపు రుద్దించుకున్న ఇహ్సాన్ ఇప్పుడు బడిలో టీచరు. హాజ్ లేకుండానే సంఘం పెడదామని నియమావళి ఆ అమ్మాయే రాసిపెట్టింది. ఇక వ్యవస్థాపక సభ జరగాలి, అధ్యక్షుణ్ణి ఎన్నుకోవాలి. ఇన్నాళ్ళూ గుమ్మం ఎవరికీ మూయని అలవాటుకొద్దీ హద్దూమ్ "అందరూ రావచ్చు" అని మసీదు గోడకు కాగితం అంటించింది. అక్కడే పప్పులో కాలేసింది. హాజ్ నలభైమంది మగాళ్ళతో వచ్చి, చేతులెత్తించి, తనే అధ్యక్షుడు కాబోతున్నాడని ఊరంతా పొక్కింది. పైగా సభకు అడిగిన హాలుకు ఉన్నట్టుండి మరమ్మతులు మొదలయ్యాయి.

"అందరూ రావచ్చని నువ్వే రాశావు లల్లా. ఇప్పుడెలా ఆపుతాం?" ఇహ్సాన్ ఏడుపుగొంతుతో అంది.

"ఎవర్నీ ఆపొద్దు. ఎలాగూ హాలు లేదుగా, చోటు మార్చు. హమామ్‌లో, మధ్యాహ్నం మూడింటికి అని రాయి."

మధ్యాహ్నాలు హమామ్ ఆడవాళ్ళది. ఇహ్సాన్‌కు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. తర్వాత పకపకా నవ్వుతూ కలం తీసింది.

మూడింటికి హాజ్ పాదాలదాకా ఉన్న తెల్లని జెల్లాబా అంగీలో, నలభైమందితో వచ్చి గుమ్మం తెర ముందు నిలబడిపోయాడు.

"దయచేయండి హాజ్‌గారూ!" లోపలినుంచి హద్దూమ్ కేకేసింది. "అందరూ రావచ్చనే రాశాం. మీ చెల్లెలు కూడా ఇక్కడే తువ్వాలు చుట్టుకుని కూర్చుంది!"

లోపల నవ్వులు పేలాయి. బయట మగాళ్ళు ఒకరి వెనక ఒకరు జారుకున్నారు. బట్టలు మార్చుకునే గదిలో ముప్పైఏడుమంది ఆడవాళ్ళు తడిజుట్లతో చేతులెత్తి హద్దూమ్‌ను ఎన్నుకున్నారు. ఆవిరికి సిరా అలుక్కుపోతే తీర్మానం రెండోసారి రాశారు.

సంఘాలు నమోదు చేసే ఆఫీసులో గుమాస్తా ఆ కాగితాలు ముట్టుకోనన్నాడు. మూడుసార్లు తిప్పి పంపాడు. నాలుగోసారి హద్దూమ్ కోర్టు నోటీసులు అందించే అధికారిని వెంటబెట్టుకు వెళ్ళింది.

"తీసుకుంటావా బాబూ, తీసుకోనన్నావని ఈయన్ని రాసుకోమంటావా?"

గుమాస్తా కాగితాలు తీసుకున్నాడు, రసీదు మాత్రం ఇవ్వలేదు. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. అరవైఒకటో రోజున హద్దూమ్ గుమ్మానికి సంఘం బోర్డు వేలాడింది. ల్హూసైన్ రొప్పుతూ వచ్చాడు.

"ఎవరిచ్చారు నీకు అనుమతి?"

"మీవాళ్ళే నాయనా! అరవై రోజులు నోరు మెదపలేదుగా. రసీదు ఇవ్వకపోయినా గడువు దాటితే సంఘం పనిచేసుకోవచ్చని చట్టంలోనే ఉంది. కావాలంటే ఇహ్సాన్ చదివి వినిపిస్తుంది. ఇక బెల్జియం మంచాలు రావడమే తరువాయి."

ల్హూసైన్ బోర్డు పైనుంచి కిందిదాకా రెండుసార్లు చదివాడు. "ఇందులో ఎవరి పేరూ లేదేం? నీ పేరు కూడా లేదు."

"నా పేరుతో రోగికేం పని?" హద్దూమ్ ఇళ్ళన్నీ తిరిగొచ్చిన మీమూన్ మంచాన్ని వాకిట్లోకి ఈడ్చింది. "చెప్పులు కుట్టే సల్లామ్ తల్లి తుంటి విరిగి నేలమీద పడుంది. ఊరికే నిలబడ్డావేం, ఆ కొస పట్టుకో."

ల్హూసైన్ వీధి అటూ ఇటూ చూశాడు. తర్వాత వంగి మంచం ఎత్తాడు.