అత్తగారు బోను ఎత్తేసిన రోజులు

మొన్న మా కోడలు బెంజ్ సర్కిల్ దగ్గరి కొట్లో ఎలుకలు అంటుకునే జిగురు అట్ట కొనుక్కొచ్చింది. వంటింట్లో ఓ చిట్టెలుక తిరుగుతోందట. ఆ అట్ట విప్పడానికి వీల్లేదని నేను మొండికేశాను. ఇదేం జీవకారుణ్యం అత్తయ్యా అని అది నవ్వితే, మీ మామయ్యగారు బతికుంటే ఆయనా విప్పనిచ్చేవారు కాదన్నాను.

మా పెడనలో మగ్గాలున్న ఇళ్లకు ఎలుక పగవాడితో సమానం. నూలుకు పెట్టిన గంజి రుచి మరిగిందంటే మగ్గం మీది నిలువు పోగుల పడుగంతా కొరికిపెడుతుంది. అందుకే మా అత్తగారు దీపం పెట్టినంత నిష్ఠగా రోజూ సాయంత్రం మగ్గం గుంట పక్కన, కాల్చిన కొబ్బరి ముక్క గుచ్చి బోను పెట్టేవారు. పొద్దున్నే పడ్డ ఎలుకను చూసినప్పుడు ఆవిడ ముఖంలో కనిపించే తృప్తి, కొత్త కాపురంలో నేను వండిన ఏ కూరకూ కనిపించలేదు.

నేను నేసేదాన్ని, మా ఆయన నూలుకు రంగులు వేసేవారు. కడుపులో పుండేలే అని ఆయన మజ్జిగన్నంతో నెట్టుకొచ్చిన నొప్పి కాన్సరని తేలి, విజయవాడలో ఆపరేషను చేసి కూడా గడ్డంతా తీయలేకపోయాక, డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పారు. ఈ జబ్బుకు మందులు కొన్ని ఉన్నాయి, ఏది ఈయనకు పనిచేస్తుందో ముందుగా తెలియదు, ఒకటి తర్వాత ఒకటి ఎక్కించి చూసుకునే ఓపిక ఈ ఒంట్లో లేదు. హైదరాబాదులో ఓ పరిశోధన జరుగుతోంది. కోసి తీసిన గడ్డ ముక్కను రోగాన్ని ఎదిరించే శక్తి లేని చిట్టెలుకల్లో పెట్టి, అది పెరిగాక ఒక్కో గుంపుకు ఒక్కో మందిచ్చి చూస్తారు. ఈలోగా మామూలు మందు మొదలుపెడదాం అన్నారు. మా ఆయన ఆసుపత్రి మంచం మీంచే, “చిన్న చిలప ముంచి చూడకుండా సరుకంతా రంగులో ముంచుతామా అండీ? కానివ్వండి,” అన్నారు. ఆయన పనిలో నియమమే అది. ముందు ఓ చిన్న నూలు చిలపకు రంగు వేసి, ఉతికి, ఆరేసి, నిలిచిందనుకున్నాకే మిగతాది.

ఈ సంగతి విన్న సాయంత్రమే అత్తగారు బోను ఎత్తి అటక మీద పెట్టేశారు. “నా కొడుకు రోగం మోస్తున్నాయే అవి. ఇక్కడ వాటి వాళ్లని చంపుతుంటే అక్కడ వాటికి మనసెలా వస్తుందే?” అన్నారు. ఎలుకలతో చుట్టరికం కలుపుకున్న మనిషిని ఆవిడనే చూశాను. పైగా ఆ గడ్డ ఎలుకల్లో బాగా పెరగాలని వినాయకుడికి మొక్కు. ముక్క అక్కడ బతక్కపోతే పరీక్షే లేదు మరి. రోగం పెరగాలని దేవుడికి దణ్ణం పెట్టుకున్న ఇల్లు మాదొక్కటేనేమో.

బోను లేకపోయేసరికి ఎలుకలు పెళ్లిభోజనానికి వచ్చినట్టు వచ్చాయి. ఒక పొద్దున నేను మగ్గంలో కూర్చోబోతే పడుగు ఒక పక్కంతా జల్లెడయి ఉంది. మామూలు మందుకు గడ్డ లొంగడం లేదని స్కానులో తేలింది కూడా ఆ రోజుల్లోనే. కడుపు మండి అత్తగారిని అనరాని మాటలన్నాను. పడుగు కోసి పారేయమని ఇరుగుపొరుగు చెప్పారు. నాకు ఎక్కడలేని పంతం వచ్చింది. ఆయనకు పనికొచ్చే మందేదో తేలేలోగా ఈ చీర నేసి దించి తీరతానని, వేళ్లకు బూడిద అద్దుకుని తెగిన పోగులు ఒక్కొక్కటే అతకడానికి కూర్చున్నాను. చూపు సరిగా ఆనని అత్తగారు ఎదురుగా కూర్చుని, పోగుల కొసలు వెతికి అందించారు. ఆసుపత్రికి వెళ్లే బస్సులో కంకిపాడు దాటుతున్నా నా వేళ్లు ఊరికే పురి పెడుతూనే ఉండేవి.

చీర ఇంకో మూర ఉందనగా డాక్టరమ్మ ఫోను చేశారు. మామూలు మందు తర్వాత ఆయనకు ఇద్దామనుకున్న మందు ఎలుకల్లో అసలు పనిచేయలేదట, వరసలో చివర పెట్టుకున్నది గడ్డను కుదించిందట. ఎలుకలో పనిచేసింది మనిషిలో పనిచేయాలని లేదమ్మా అంటూనే అది మొదలుపెట్టారు. పనిచేసింది. జబ్బు పోలేదు గానీ ఆగింది. మోచేతుల దాకా నీలిరంగుతో అన్నానికి వచ్చిన మనిషిని, ముందు చేతులు కడుక్కోండని కసిరే భాగ్యం నాకు మరికొన్నేళ్లు దక్కింది.

ఆయన పోయి, పెద్దకర్మ అయిన మర్నాడు, ఎవరి మీద కోపమో తెలియదు, అటక మీది బోను నేనే దించాను. అత్తగారు దాన్ని నా చేతిలోంచి తీసుకుని, “ఇన్నాళ్లు ఇచ్చాయి కదే,” అని మళ్లీ పైన పెట్టేశారు.

ఇప్పుడు అత్తగారూ లేరు. మగ్గం గుంట పూడ్చేశాం. విజయవాడలో ఈ అపార్ట్‌మెంట్‌లో ఎలుకకు కొరకడానికి ఒక్క గంజిపోగైనా లేదు, పాపం. జిగురు అట్ట ఇంకా కవర్లోనే ఉంది. కోడలు వంటిల్లు సర్దేసి వెళ్లాక, గట్టు మీద ఓ కొబ్బరి ముక్క మరిచిపోయినట్టు వదిలేస్తున్నాను.