ఊ కొట్టని పిల్ల

మా అమ్మాయికి నాలుగేళ్లప్పుడు కోవిడ్ వచ్చిపడింది. ఐర్లండ్‌లోని కార్క్‌లో డాక్టరైన మా ఆయన, మాకెక్కడ అంటిస్తానోనని ఆస్పత్రి దగ్గరే గది తీసుకుని ఉండిపోయారు. ఆ రోజు నుంచి పిల్ల కథకు ఊ కొట్టడం మానేసింది.

మా ఇళ్లలో ఊ కొట్టేవాళ్లు లేకపోతే కథ ముందుకు సాగదు. ఆయన వీడియో కాల్‌లో రాజునీ రాక్షసుణ్ణీ ఎంత అరిపించినా, ఇది గోడకేసి చూస్తూ కూర్చునేది. పోనీ నేను చెబుతానంటే, "నో మమ్మీ, యువర్ స్టోరీస్ ఆర్ బోరింగ్," అనేది. నిజమే, నా కథలో రాజు రెండో వాక్యానికే వేట ముగించుకుని ఇంటికొచ్చేస్తాడు. అయినా కడుపు మండింది. కోపం కన్నా భయం ఎక్కువ. అలిగి అలిగి తండ్రికి పూర్తిగా దూరమైపోతుందేమోనని.

లైబ్రరీ వాళ్లు శనివారం పొద్దున జూమ్‌లో పిల్లలకు పాటా కథా పెట్టారు. చెప్పేది, పెద్ద వయొలిన్ లాంటి చెల్లో వాయించే నల్లజాతి ఆవిడ. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో ముందుగా అడుగుపెట్టిన నల్లవాళ్ల గురించి, వారానికొకరి కథ. ఆ వారం రాజుల కాలంలో వయొలిన్ వాయించిన ఒక కుర్రాడు. వాణ్ణి సభ తలుపు దగ్గరే ఆపేశారని చెప్పి, ఆవిడ తీగల మీద కమాను మెల్లగా లాగింది.

"ఊ," అంది మా పిల్ల.

మైకు ఆపడం మర్చిపోయాను. ఎవరా అని ఆవిడ వాయించడం ఆపేసింది. సిగ్గుతో చచ్చినంత పనైంది. సారీ చెప్పి, వినేవాళ్లు ఇలా అంటేనే మా దగ్గర కథ నడుస్తుందని గొణిగాను.

"దట్స్ గ్రాండ్! ఎవ్రీవన్, మైక్స్ ఆన్!" అందావిడ.

ఇంకేముంది, పిల్లలందరూ ఊ, ఊ అని హోరెత్తించారు. ఆ తర్వాత చెల్లో వినపడితే ఒట్టు. కుర్రాడు మాత్రం లోపలికి వెళ్లి వాయించాడు.

మధ్యాహ్నం ఆయన ఫోన్ చేయగానే పిల్ల నా చేతిలోంచి లాక్కుని, తనే కథ మొదలుపెట్టింది. కుర్రాడు మా ఊరి రేవు రింగాస్కిడీలో ఓడ దిగి వచ్చాడట. తలుపు దగ్గర ఆపేశారనే చోట ఆగింది. అవతల మాస్కు గీతలు పడ్డ మొహంతో ఆయన ఫోన్‌కి దగ్గరగా వంగి చూస్తున్నారు.

"నాన్నా, యూ హావ్ టు సే ఊ," అంది. "అదర్‌వైజ్ హీ కాంట్ గో ఇన్."

ఆయన ఊ అన్నారు. నేనూ అన్నాను.